టీఎంసీల లెక్కలో లేని మట్టి: కృష్ణా, గోదావరి ఎందుకు మారుతున్నాయి

కృష్ణా నీళ్ళ గొడవ ఎప్పుడు మొదలైనా అందరి నోటా వచ్చే అంకెలు అవే. రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్ళను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే నూటికి 75 ఏళ్ళు దొరుకుతాయన్న లెక్కతో, 2,060 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఉన్నాయని తేల్చింది, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది, వాడుకున్నాక తిరిగి నదిలో కలిసే నీళ్ళను విడిగా లెక్కగట్టింది. ఆ 2,060 ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1894 నుంచి 1972 దాకా 78 ఏళ్ళ ప్రవాహాల రికార్డు నుంచి. నది నిన్నటిదాకా ఎలా పారిందో రేపూ అలాగే పారుతుందన్న నమ్మకమే దానికి ఆధారం. పైగా అది నీళ్ళ లెక్క మాత్రమే. నది నీళ్ళతో పాటు మట్టిని కూడా మోస్తుంది, దివిసీమ, కోనసీమ లాంటి నేలలు మొత్తం ఆ మట్టితోనే తయారయ్యాయి. ఎగువ రాష్ట్రం నీళ్ళు ఆపితే ధర్నాలు జరుగుతాయి, సుప్రీంకోర్టుకు వెళ్తారు. మట్టి ఆగిపోయి నలభై యాభై ఏళ్ళయినా దాని గురించి అడిగినవాళ్ళు బహుతక్కువ.

వాతావరణం మారినప్పుడు నది ఎలా మారుతుంది, నేలను మనుషులు వాడే తీరు మారినప్పుడు ఎలా మారుతుంది అన్న ప్రశ్నకు జవాబు నీళ్ళలో సగమే దొరుకుతుంది. మిగతా సగం మట్టిలో ఉంది.

ముందు అసలు సూత్రం. 1955లో ఇ.డబ్ల్యూ. లేన్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని తక్కెడ బొమ్మగా చెప్పారు. ఒక పళ్ళెంలో నీటి పరిమాణం, నది వాలు. రెండో పళ్ళెంలో నది మోయాల్సిన మట్టీ ఇసుకా ఎంత, ఆ రేణువులు ఎంత పెద్దవి. రెండూ తూగినంతకాలం నది కాస్త ఇటూ అటూ కదిలినా మొత్తం మీద నిలకడగా ఉంటుంది. నీళ్ళు పెరిగి మట్టి పెరగకపోతే నది అడుగును, గట్లను తవ్వుకుంటుంది. మట్టి పెరిగి దాన్ని మోయడానికి సరిపడా నీళ్ళు రాకపోతే మేట వేస్తుంది, పాయలుగా చీలుతుంది, లంకలు లేపుతుంది. వానలు మారితే మొదటి పళ్ళెం కదులుతుంది. అడవి కొట్టినా, పొలం దున్నినా, డ్యామ్ కట్టినా, ఇసుక తవ్వినా రెండోది కదులుతుంది. చిక్కు ఎక్కడంటే, వాన తగ్గితే చెట్లూ తగ్గుతాయి, చెట్లు తగ్గితే మట్టి కదులుతుంది, కాబట్టి వాతావరణం రెండో పళ్ళేన్ని కూడా కదిలిస్తుంది, కొన్నిసార్లు మనం ఊహించని వైపు.

దీనికి గోదావరి కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కాస్త వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాలి.

20 వేల ఏళ్ళ క్రితం, మంచుయుగం ముదిరి ఉన్నప్పుడు, సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువ. అప్పటి గోదావరి, కృష్ణా ఇప్పటి తీరం దాటి ముందుకు పారుతూ లోతైన లోయలు కోసుకున్నాయి. మంచు కరిగి సముద్రం పైకి రావడం మొదలయ్యాక ఆ లోయలు మునిగాయి. సుమారు 7 వేల ఏళ్ళ క్రితం సముద్రం పెరిగే వేగం తగ్గింది. అప్పటిదాకా నది తెచ్చిన మట్టిని సముద్రం మింగేసేది, ఇక అప్పటి నుంచి నదిదే పైచేయి అయింది. ప్రపంచంలో పెద్ద డెల్టాలు చాలావరకు ఆ కాలం తర్వాత పెరిగినవే, మన రెండూ ఆ కోవలోవే. ఇప్పుడు సముద్రానికి ముప్పై కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న కొల్లేరు అప్పట్లో సముద్రపు నీరు వచ్చిపోయే ఉప్పు కయ్య. రెండు నదులూ చెరో వైపు నుంచి మట్టి పోసుకుంటూ ముందుకు జరిగితే మధ్యలో పల్లంగా మిగిలిపోయింది. ఆ డెల్టా జిల్లాల్లో తీరానికి దూరంగా, దాదాపు తీరం వాలునే పట్టుకుని సాగే ఇసుక మెరకలు కనిపిస్తాయి. అవి ఒకప్పటి సముద్రపు ఒడ్లు.

ఇప్పుడు అసలు విషయం. 2006లో సముద్రం అడుగున గ్యాస్ హైడ్రేట్ల (మంచులా గడ్డకట్టి ఉండే సహజవాయువు) కోసం భారత ప్రభుత్వ కార్యక్రమం కింద ఒక డ్రిల్లింగ్ ఓడ బంగాళాఖాతంలో తవ్వింది. గోదావరి మొగకు ఎదురుగా, వెయ్యి మీటర్లకు పైగా లోతున్న చోట తీసిన ఒక బురద స్తంభం పరిశోధకుల చేతికి వచ్చింది. గోదావరి వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పోసిన మట్టి అందులో పొరలు పొరలుగా ఉంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థకు చెందిన లివియు జియోసన్, ఆయన సహచరులు దీన్ని చదివి 2012లో ఒకటి, 2017లో ఒకటి పరిశోధన పత్రాలు వెలువరించారు.

ఆ బురదలో ఆకుల మీద ఉండే మైనం కూడా ఉంటుంది. ఆకు కుళ్ళిపోయినా మైనం వేల ఏళ్ళు నిలుస్తుంది. చెట్లు, వరి లాంటివి గాలిలోని కార్బన్‌ను ఒక పద్ధతిలో పట్టుకుంటాయి, పొడి నేలల గడ్డి, జొన్న, సజ్జ లాంటివి ఇంకో పద్ధతిలో. ఆ తేడా మైనంలోని కార్బన్ ఐసోటోపుల్లో, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాల పాళ్ళలో, గుర్తుగా మిగులుతుంది. ఆ గుర్తులు చెప్పేదేమంటే, సుమారు 4 వేల ఏళ్ళ క్రితం నుంచి గోదావరి పరీవాహక ప్రాంతం ఎండుతూ వచ్చింది, 1,700 ఏళ్ళ క్రితం ఇంకాస్త ఎండింది. రుతుపవనాలు బలహీనపడ్డాయి, చెట్లు పలచబడి ముళ్ళపొదలు, గడ్డి పెరిగాయి.

వాన తగ్గితే నదిలో నీళ్ళు తగ్గుతాయి, నీళ్ళు తగ్గితే మట్టీ తగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. బురద స్తంభం దానికి పూర్తిగా ఎదురు చెప్పింది. వానలు బాగా పడిన పాత రోజుల్లో సముద్రానికి చేరిన మట్టి తక్కువ. కరువు కాలం మొదలయ్యాక మట్టి బాగా పెరిగింది.

కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. రుతుపవనాల దేశంలో వాన తగ్గడమంటే ప్రతిరోజూ కొంచెం కొంచెం తగ్గడం కాదు. వానరోజులు తగ్గుతాయి, కానీ పడే రోజున గట్టిగానే పడుతుంది. అడవి ఉన్నప్పుడు ఆ దెబ్బను ఆకులు, వేళ్ళు, రాలిన చెత్త కాచుకుంటాయి. అడవి పోయి ఎనిమిది నెలలు ఎండిన నేల మీద తొలకరి విరుచుకుపడితే మట్టి మట్టంతా వాగులోకి వస్తుంది. 1958లోనే లాంగ్‌బీన్, షుమ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఈ సంగతి గమనించారు: ఎడారిలో కోత తక్కువ, ఎందుకంటే వానే లేదు, దట్టమైన అడవిలోనూ తక్కువ, ఎందుకంటే నేల కనిపించదు, రెంటికీ మధ్య, చెట్టు నిలవనంత పొడిగా, మట్టి కొట్టుకుపోయేంత వానగా ఉండే చోట కోత అత్యధికం. మరాఠ్వాడా మొదలుకుని దక్కన్‌లో చాలా భాగం ఆ వైపు జరిగింది. బురద ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే రసాయన గుర్తులు కూడా దీన్నే బలపరుస్తున్నాయి. కరువు కాలంలో తూర్పు కనుమల మట్టి వాటా తగ్గి దక్కన్ నల్లరాతి మట్టి వాటా పెరిగింది.

అక్కడితో అయిపోలేదు. అదే కాలంలో దక్కన్ మీద వ్యవసాయం పాకింది. కొత్త రాతియుగం రైతులు మొదలుపెట్టారు, ఇనుము వచ్చాక గొడ్డళ్ళు, నాగళ్ళు దాన్ని ఎన్నో రెట్లు పెంచాయి. వానల బలహీనత మొదలుపెట్టిన కోతను నాగలి తీవ్రం చేసిందని 2017 పత్రం తేల్చింది. ఆ మట్టితో కలిసి సముద్రానికి చేరిన కార్బన్ వయసు కూడా పెరిగిందట, అంటే పైపొర ఒక్కటే కాకుండా అడుగున ఎప్పటి నుంచో పడి ఉన్న పాత మట్టి కూడా కదిలిందన్నమాట.

ఇక్కడ కాసేపు ఆగాల్సిన విషయం ఒకటుంది. కోనసీమను ప్రకృతి వరం అంటారు. కొబ్బరి తోటలు, ఏటా మూడు పంటలు, ఒండ్రు నేల, అన్నీ నిజమే. కానీ ఆ ఒండ్రులో చెప్పుకోదగ్గ భాగం, ఎగువన ఎక్కడో ఒక మెట్ట రైతు చేలోంచి మూడు వేల ఏళ్ళుగా కొట్టుకుపోయిన పైమట్టి. ఎగువ నష్టం దిగువకు లాభమైంది. శాతవాహనుల కాలంలో ప్రతిష్ఠానం (గోదావరి ఒడ్డున ఇవాళ్టి పైఠన్) చుట్టూ అడవులు నరికి దున్నిన నేలకూ, ఇవాళ్టి డెల్టా విస్తీర్ణానికీ సంబంధం ఉందనడం అతిశయోక్తి కాదు. ప్రాచీన భూగోళకారుడు టాలెమీ కంటకస్సిల అని రాసిన రేవు కృష్ణా డెల్టాలోని ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. అలాంటి రేవుకు ఇవాళ ఓడ కాదుగదా సముద్రమే అందదు. గోదావరి వైపు కోరంగి 18, 19 శతాబ్దాల్లో ఓడలు కట్టే పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని దెబ్బతీసింది, తర్వాత పూడిక మిగతా పని పూర్తిచేసింది. ఒకప్పుడు మట్టి ఎక్కువై రేవులు చచ్చాయి. ఇప్పుడు మట్టి కరువై తీరం కోసుకుపోతోంది.

నది వెంటనే స్పందించదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కొండవాలు మీద కదిలిన మట్టి నేరుగా సముద్రానికి వెళ్ళదు. మొదట గట్టు కింద ఆగుతుంది, తర్వాత వాగులో, తర్వాత పెద్ద నది వరద మైదానంలో, ఒక్కో మజిలీలో పదుల ఏళ్ళు, వందల ఏళ్ళు. కాలిఫోర్నియాలో 19వ శతాబ్దం నడుమ బంగారం కోసం కొండల మీద నీళ్ళ గొట్టాలతో మట్టిని కడిగేశారు. కింది రైతులు కోర్టుకెళ్తే 1884లో దాన్ని ఆపమని తీర్పు వచ్చింది. తవ్వకం ఆగినా ఆ రాళ్ళూ మట్టీ ఒక అలలా సాక్రమెంటో నది అడుగున దశాబ్దాల పాటు జరుగుతూనే ఉన్నాయి, గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 1917లో వాటిని కొలిచి రాశారు. అందుకే ఇవాళ నదిలో కనిపించే మార్పుకు కారణం నిన్నటి పనే అయ్యుండనక్కర్లేదు, తాతల నాటిదీ కావచ్చు. ఈ ఆలస్యం వల్లే నది విషయంలో తప్పు ఎవరిదో తేల్చడం రాజకీయంగా ఎప్పుడూ కుదరదు.

తెలుగు నేల మీద ఆ మట్టి మజిలీల్లో ఒకటి చెరువు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, రామప్ప, పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువులు వచ్చాయి. వాటి చుట్టూ గొలుసుకట్టుగా వేల చిన్న చెరువులు. చెరువంటే నీళ్ళు నిలబెట్టేది అని మాత్రమే అనుకుంటాం కానీ అది మట్టినీ ఆపుతుంది. ఎండాకాలంలో రైతులు ఆ పూడిక మట్టిని బండ్ల మీద తీసుకెళ్ళి మళ్ళీ చేలో పోసుకునేవాళ్ళు. అంటే కొట్టుకుపోయిన మట్టి నదిదాకా వెళ్ళకుండా తిరిగి పొలానికే చేరేది. ఇంత మంచి ఏర్పాటు బోరుబావులు వచ్చాక మూలపడింది. చెరువులో పూడిక తీసేవాళ్ళు లేరు, కట్ట చూసేవాళ్ళు లేరు. తెలంగాణలో మిషన్ కాకతీయ పేరుతో మళ్ళీ పూడిక తీయడం మొదలైంది, ఆ మట్టిని పొలాలకు తోలుకోమన్నారు కూడా. మట్టి లెక్క తెలిసిన ప్రభుత్వ పథకం అంటూ ఒకటుంటే అదే.

1833లో గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు ఊడ్చేసింది. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు, ఆ వెంటనే బెజవాడలో కృష్ణకు కూడా ఆనకట్ట పడింది. డెల్టా జాతకం మారింది, సందేహం లేదు. అయితే మట్టి పరంగా చూస్తే ఆ ఆనకట్టలు చేసిన మార్పు చిన్నది. అవి ఎత్తు తక్కువ గోడలు. వరదొస్తే నీళ్ళూ మట్టీ పైనుంచి దూకి వెళ్ళిపోయేవి. కొంత ఎర్రనీరు కాలువల్లోకి వెళ్ళి పొలాల్లో పరుచుకునేది, రైతులకు అది ఎరువు. పంపకం మారింది గానీ సరుకు ఆగలేదు.

సరుకు ఆగింది 1950ల తర్వాత. తుంగభద్ర 1953లో, నాగార్జునసాగర్ 1967లో, శ్రీశైలం 1980ల్లో వాడకంలోకి వచ్చాయి, గోదావరి మీద జాయక్వాడి, శ్రీరాంసాగర్, ఇంకా ఉపనదుల మీద ఎన్నో. పెద్ద జలాశయంలో నీరు నిలబడిపోతుంది, నిలబడ్డ నీటిలో మట్టి అడుగుకు దిగుతుంది. ఎంత దిగిందో అధికారిక అంకెలే చెబుతాయి. సాగర్ కట్టినప్పుడు 408 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలో 312. శ్రీశైలం 308 నుంచి 216కు వచ్చింది. తుంగభద్ర 133 నుంచి 106కు. సర్వే పద్ధతులు మారినందువల్ల వచ్చే తేడా కొంత ఉంటుంది గానీ, మూడింటి నష్టం కూడితే 215 టీఎంసీలు, ఇవాళ్టి శ్రీశైలం జలాశయం మొత్తంతో దాదాపు సమానం. ఇన్ని నీళ్ళు పట్టే చోటు పోయిందని బాధపడుతున్నాం, అది న్యాయమే. కానీ అక్కడ పేరుకున్న ఆ ఆరు ఘన కిలోమీటర్ల మట్టి దివిసీమకు చేరాల్సినది అన్న మాట ఎవరూ అనడం లేదు.

దిగువన ఏం జరిగిందో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో లెక్క తీసింది. కృష్ణా సముద్రానికి తీసుకెళ్ళే నీరు 1951-59 మధ్య సగటున ఏడాదికి దాదాపు 62 ఘన కిలోమీటర్లు, అంటే 2,100 టీఎంసీల పైమాటే. 2000-2008 నాటికి అది 12 ఘన కిలోమీటర్లకు పడిపోయింది. నీటిలో తేలివచ్చే మట్టి 1960ల చివర్లో ఏడాదికి 90 లక్షల టన్నులు ఉండేది, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులు. గోదావరి కథ వేరు. అక్కడ నీళ్ళు పెద్దగా తగ్గలేదు, కానీ మట్టి 1970ల్లో ఏడాదికి 15 కోట్ల టన్నుల నుంచి 2000-2006 నాటికి 5.7 కోట్లకు వచ్చింది. డ్యాముకు పైన కొలిచిన మట్టితో పోలిస్తే కింద కొలిచింది ఎప్పుడూ తక్కువే, కాబట్టి మట్టి ఎక్కడ ఆగుతోందో అనుమానం అక్కర్లేదు. 1965 నుంచి 2008 దాకా ఈ రెండు డెల్టాల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది. 1965-90 మధ్య ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్ల చొప్పున పోతే 1990ల్లో 2.32కు పెరిగింది.

ఒక్క ప్రశ్న వస్తుంది: ఇది వాతావరణం వల్ల కాదని ఎలా చెప్పగలం? కృష్ణా విషయంలో జవాబు తేలిక. పరీవాహక ప్రాంతంలో వాన ఐదో వంతుకు పడిపోలేదు, నది నీళ్ళు మాత్రం పడిపోయాయి. పడిన వాన మధ్యలోనే పొలాలకు, ఊళ్ళకు, ఆవిరికి పోయింది. వాన ఎంత, అందులో నదికి చేరిందెంత అని పక్కపక్కన పెట్టి చూడడమే ఈ రెండు కారణాలనూ విడదీసే పద్ధతి. ఇదే లెక్క హైదరాబాద్ మూసీ మీద వేస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఇప్పుడు వాటికి వచ్చే నీరు బాగా తగ్గింది, ఎగువన బోర్లు, చెక్‌డ్యాములు, ఫామ్‌హౌస్‌లు, లేఅవుట్లు వచ్చి వాగులకు దారి మిగల్లేదు. కానీ నగరం దాటాక మూసీ ఎండాకాలంలో కూడా పారుతూనే ఉంటుంది, ఎందుకంటే అది హైదరాబాద్ వాడి వదిలేసిన మురుగు, దానితోనే దిగువన వరి, పశువుల గడ్డి పండిస్తున్నారు. ఎగువన ఎండిపోయిన నది, దిగువన ఏడాది పొడుగునా పారే నది, రెండూ ఒకటే. వాతావరణానికి ఇందులో పాత్ర చాలా చిన్నది.

బోరుబావుల సంగతి ఇంతకన్నా నిశ్శబ్దంగా జరిగింది. వానలు ఆగాక నదిలో పారేది నేలలోంచి ఊరి వచ్చే నీరు. దక్కన్ అంతటా ఆ ఊటను బోర్లు లాగేశాయి. సంక్రాంతి దాటినా పారుతుండే వాగులు దీపావళికే ఇసుక తేలడం మెట్ట ప్రాంతాల్లో పెద్దవాళ్ళందరికీ తెలిసిన విషయమే.

మరి వాతావరణ మార్పు చేస్తున్నదేమిటి? అది పతాక వరదల్లో కనిపిస్తుంది. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపించిందేమంటే, 1950-2015 మధ్య మధ్యభారతంలో విస్తారంగా కురిసే అతి తీవ్ర వానలు మూడు రెట్లయ్యాయి, అదే సమయంలో మొత్తం రుతుపవన వర్షం తగ్గుముఖం పట్టింది. గోదావరి ఎగువ ఆ మధ్యభారతంలోనే ఉంది. 2009 దీనికి నిలువెత్తు ఉదాహరణ: దేశం మొత్తం మీద రుతుపవనాలు 22 శాతం లోటుతో కరువు సంవత్సరం, అదే ఏడాది అక్టోబర్ మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద, కర్నూలు నగరం నీట మునిగింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు. 2024 సెప్టెంబర్ 2న ఆ బ్యారేజీ రికార్డు 11.43 లక్షలతో తిరగరాసుకుంది. అయితే ప్రతి వరదనూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం సరైంది కాదు. భద్రాచలంలో 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు అందరూ భయపడ్డారు, 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022లో గమనించాల్సింది ఎత్తు కన్నా నెల. జులై మధ్యకే అంత వరద రావడం మామూలు కాదు.

2024లో విజయవాడ మునిగింది కృష్ణా వల్ల అని బయటివాళ్ళు అనుకున్నారు. నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు వాగు. ఎగువన దాని మళ్ళింపు కాలువకు గండ్లు పడ్డాయి, పాత దారిలో నీళ్ళు దిగాయి, ఆ దారిలో ఇప్పుడు కాలనీలున్నాయి. ఆ నీళ్ళు చివరికి పోవాల్సిన కొల్లేరులో చేపల చెరువుల గట్లు అడ్డున్నాయి, 2006లో చాలావాటిని కొట్టేసినా మళ్ళీ వచ్చాయి. వాన కొత్త వాతావరణానిది, ముంపు మాత్రం మనం నేలను వాడుకున్న తీరుది. రెండూ ఒకే రోజు కలిశాయి.

పెద్ద వరద పెరగడానికీ మట్టి తగ్గడానికీ మధ్య సంబంధం ఇక్కడ ముడిపడుతుంది. డ్యాము దాటి వచ్చే వరదలో నీళ్ళ బలం ఉంటుంది, మోయడానికి మట్టి ఉండదు. లేన్ చెప్పినట్టు అలాంటి నీరు దొరికిన చోట తవ్వుకుంటుంది. లంక గ్రామాల్లో ఏటా ఎకరాలకు ఎకరాలు కొబ్బరి చెట్లతో సహా గోదావరిలోకి జారిపోవడానికి కారణాల్లో ఇదొకటి. దానికి తోడు ఇసుక తవ్వకం. నది అడుగున మిగిలిన కాస్త ఇసుకను కూడా లారీలు ఎత్తుకెళ్తే అడుగు దిగిపోతుంది, అడుగు దిగితే గట్టు నిలువుగా తేలి కూలుతుంది, పక్క ఊళ్ళ బావుల్లో నీళ్ళు దిగుతాయి, తీరం వైపు ఉప్పునీరు పాయల్లో ఇంకా పైకి ఎక్కుతుంది. ఇసుక రాజకీయాల గురించి రోజూ వార్తలొస్తాయి, అన్నీ ధర గురించీ దోపిడీ గురించే. ఎగువ నుంచి కొత్త ఇసుక రావడం ఆగిపోయిన నదిలో ఇసుక తవ్వడమంటే ఇక తిరిగిరానిదాన్ని తీయడమే అన్న మాట ఆ గోలలో వినిపించదు.

అంతర్వేది దగ్గర, ఉప్పాడ దగ్గర సముద్రం ముందుకొస్తోందని చెప్పుకుంటాం. ఉప్పాడలో ఓడరేవు కట్టడాలు, కాకినాడ ఎదురుగా పెరిగిన ఇసుక తిప్ప లాంటి స్థానిక కారణాలు కూడా ఉన్నాయి, అన్నీ ఒకే గాటన కట్టకూడదు. కానీ డెల్టా నేల తత్వమే కాలక్రమంలో అణిగి కుంగడం. పాత రోజుల్లో ప్రతి వరదా ఒక పలుచని ఒండ్రు పొర వేసి ఆ కుంగుబాటును పూడ్చేది. ఇప్పుడు మట్టీ రావడం లేదు, వచ్చిన కాస్తా కరకట్టల మధ్యే ఉండిపోయి పొలం మీదికి రాదు. ఇక సముద్ర మట్టం పెరగడం దీనికి అదనం.

ఇప్పుడు పోలవరం. 194.6 టీఎంసీల జలాశయం, 48 గేట్ల స్పిల్‌వే, గోదావరి డెల్టాకు సరిగ్గా తలమీద. ఇన్నాళ్ళూ కృష్ణాలా గోదావరి మట్టి పూర్తిగా ఆగకపోవడానికి ఒక కారణం ఇంద్రావతి, శబరి. పెద్ద డ్యాములు ఎక్కువగా లేని ఆ ఉపనదులు బస్తర్, ఒడిశా కొండల మట్టిని ఇంకా తెస్తున్నాయి. పోలవరం వాటి కిందే ఉంది. నిర్వాసితుల పరిహారం, ఎత్తు, కాఫర్ డ్యామ్, డయాఫ్రం వాల్, ఖర్చు గురించి జరిగిన చర్చలో వందో వంతు కూడా డెల్టాకు మట్టి ఎలా పంపాలన్న దాని మీద జరగలేదు. ఇది సరిదిద్దుకోలేనిదేం కాదు. చైనా 1960లో పసుపు నది (హువాంగ్ హో) మీద సాన్‌మెన్‌షియా డ్యామ్ నింపడం మొదలుపెట్టి, కొద్ది ఏళ్ళలోనే అది పూడికతో నిండిపోతుంటే, అడుగున మళ్ళీ తూములు తెరిచి, నడిపే పద్ధతే మార్చుకుంది: వరద నెలల్లో బురదనీటిని వదిలెయ్యాలి, తేటనీరు వచ్చినప్పుడు నింపుకోవాలి. గోదావరిలో మట్టి దాదాపు అంతా జులై నుంచి సెప్టెంబర్ లోపే వస్తుంది. ఆ నెలల్లో మొదటి ఎర్రనీటి వరదలను ఆపకుండా, జలాశయం మట్టం తక్కువగా ఉంచి గేట్ల గుండా పోనిచ్చి, వరద తగ్గే దశలో నింపుకునే నియమావళి రాసుకోవచ్చు, దానివల్ల జలాశయం ఆయుష్షు కూడా పెరుగుతుంది. కరెంటు ఉత్పత్తి కొంత తగ్గుతుంది, ఆ నష్టాన్ని ముందే ఒప్పుకుని రాసుకోవాలి.

అలా చేసినా సన్నటి బురద దాటుతుంది గానీ ముతక ఇసుక చాలావరకు జలాశయం మొదట్లోనే దిగిపోతుంది. తీరాన్ని నిలబెట్టేది ఎక్కువగా ఆ ఇసుకే. దాన్ని డ్రెడ్జర్లతో తీసి కిందికి పంపాలా, అందులో ఎంత అమ్ముకోనివ్వాలి, ఎంత నదికి వదలాలి అని తేల్చాలంటే ముందు ఏటా ఎంత ఇసుక వస్తోందో తెలియాలి. కేంద్ర జల సంఘం కేంద్రాల్లో మామూలుగా కొలిచేది నీటిలో తేలివచ్చే మట్టిని మాత్రమే. అడుగున దొర్లుతూ వచ్చే ఇసుకను కూడా పోలవరం పైనా ధవళేశ్వరం కిందా కొలవడం, జలాశయం పూర్తిగా నిండకముందే, ఈ ఒకటి రెండు వరద సీజన్లలోనే మొదలుపెట్టాలి. నిండాక కొలిస్తే పాత నది ఎంత మోసేదో తెలుసుకునే దారి ఉండదు.